పట్టికలో పేరు: ప్రజాధనం, రైతు గౌరవం

తెలుగు చదివే విద్యార్థులకు, ఉర్దూ చదివే విద్యార్థులకు సమానంగా పరిచయమైన మాటలు కొన్ని ఉన్నవి. రైతు, ఖజానా, జమాబందీ అటువంటివి. పూర్వం ఏటేటా జరిగే జమాబందీలో గ్రామ లెక్కలు తనిఖీ చేసి, సర్కారుకు రావలసిన శిస్తును తేల్చేవారు. రైతు ఖజానాకు బాకీపడిన సంగతి ఊరికి తెలిసేది. నేడు ఖజానా నుండి రైతుకు ధనం వస్తున్నది. అది ఎవరికి ఎంత వచ్చినదో ఊరికి తెలియవద్దా?

ఈ ప్రశ్నను మేము తరగతిలో ఉంచినప్పుడు ఒక విద్యార్థి లేచి, "మా నాయనకు వచ్చింది రెండువేలు సార్. దానికి ఆయన పేరు గోడమీద అంటించి అందరితో చదివించడం న్యాయమా?" అని అడిగినాడు. ఆనాడు గంట మ్రోగినందువల్ల మేము బదులు చెప్పలేకపోయినాము. ఈ వ్యాసమే ఆ బదులు.

మొదట చట్టాన్ని చూద్దాం. 2005 నాటి సమాచార హక్కు చట్టం నాల్గవ సెక్షన్ ప్రకారం, సబ్సిడీ పథకాల అమలు తీరును, కేటాయించిన మొత్తాలను, లబ్ధిదారుల వివరాలను ప్రభుత్వ కార్యాలయాలు ఎవరూ అడగకముందే ప్రకటించవలసి ఉన్నది.

దీని అవసరం ఊహాజనితమైనది కాదు. 2019లో ప్రారంభమైన పి.ఎం. కిసాన్ పథకం అర్హత గల భూయజమాని కుటుంబానికి ఏటా 6,000 రూపాయలను మూడు వాయిదాలలో ఇస్తున్నది. 42 లక్షలకు పైగా అనర్హులకు ఈ పథకం క్రింద దాదాపు 3,000 కోట్ల రూపాయలు చేరినవని 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వమే లోక్‌సభకు తెలిపినది. వారిలో ఆదాయపు పన్ను చెల్లించేవారు సైతం ఉన్నారు. ఎవరు ఎటువంటివారో దూరాన ఉన్న కార్యాలయం కంటె ఇరుగుపొరుగువారికే బాగా తెలుసు.

పట్టికను చదివేటప్పుడు అందులో లేని పేర్లను కూడ గమనించవలెను. 2018లో తెలంగాణలో ఆరంభమైన రైతుబంధు మొదట ఎకరానికి సీజనుకు 4,000 రూపాయలు ఇచ్చినది. విస్తీర్ణానికి పరిమితి లేదు. యాభై ఎకరాల పట్టాదారుకు ఒక సీజనుకు రెండు లక్షలు; అదే భూమిని దున్నే కౌలుదారుకు ఏమీ లేదు. 2019లో ఆంధ్రప్రదేశ్ చేపట్టిన రైతు భరోసాలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాల భూమిలేని కౌలుదారులకు చోటిచ్చినారు. అర్హుల జాబితాలను గ్రామ సచివాలయాలలో ప్రదర్శించినారు.

ఇక మన విద్యార్థి సందేహం యూరప్‌లో న్యాయస్థానం దాకా వెళ్ళినది. సాయం పొందిన వ్యక్తుల పేర్లను, మొత్తంతోగాని కాలంతోగాని నిమిత్తం లేకుండ ప్రకటించడం వ్యక్తిగత గోప్యతకు మితిమీరిన భంగమని 2010 నవంబరు 9న యూరోపియన్ న్యాయస్థానం తీర్పు చెప్పినది. జర్మనీలోని హెస్సె రాష్ట్ర రైతుల వ్యాజ్యమది. 2013లో యూరోపియన్ యూనియన్ కొత్త నిబంధన చేసినది. పేర్ల ప్రకటన తిరిగి వచ్చినది; అయితే 1,250 యూరోలకు మించని స్వల్ప సాయం పొందినవారి పేర్లను మినహాయించినారు.

ఇందులో మనకొక వివేకం ఉన్నది. పేరు, ఊరు, మొత్తం ప్రజలకు తెలియవలెను. ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు ఎవరికీ అక్కరలేదు. ఆ విద్యార్థికి మా బదులు ఇది: నాయనా, రెండువేలు పొందిన మీ తండ్రి పేరు ఉన్న గోడమీదనే రెండు లక్షలు పొందినవాని పేరు కూడ ఉన్నప్పుడు మీ తండ్రి తలవంచుకోనక్కరలేదు. చిన్నవాని పేరు మాత్రమే కనిపించి, పెద్దవాని పేరు మరుగున ఉంటేనే అది అవమానం.

సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు మన విద్యార్థులు ఆ పట్టికను చదువురానివారికి చదివి వినిపించవలెనని మా కోరిక. చదవడం ముగిసిన తరువాత, "ఇందులో లేనివారెవరు?" అని కూడ అడగండి.