కోరింగలో గైడ్ పనికి వెళ్లే ముందు

డోంగ్లి, బాన్సువాడ వైపు టూరిజం కోర్సు చేసి, నేచర్ గైడ్ పని వెతుక్కుంటూ కోస్తాకు వెళ్దామనుకునేవాళ్లకు ఈ నాలుగు మాటలు. కాకినాడ పక్కనున్న కోరింగ అభయారణ్యాన్నే తీసుకుందాం. 1978లో ప్రకటించారు, విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. మన మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరి పాయ సముద్రంలో కలిసే చోటే ఈ మడ అడవి. అయితే మంజీర ఒడ్డున పెరిగినంత మాత్రాన ఈ నీళ్లు అర్థం కావు. ఇక్కడ రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. ఆ వేళ కూడా రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది.

కొత్త గైడ్‌లు దెబ్బతినేది ఇక్కడే. ఒక శనివారం పదకొండింటికి కాలువ నిండుగా ఉంది, బోటు ట్రిప్ బాగా జరిగింది అనుకోండి. అదే ధైర్యంతో మరుసటి శనివారం అదే టైముకు స్కూల్ బ్యాచ్‌ని బుక్ చేశారు. వారం తిరిగేసరికి ఆ వేళకు పాటు వచ్చేస్తుంది. చిన్న కాలువలో బోటు బురదకు ఆనుతుంది, పిల్లలు ఎండలో నిలబడతారు, మేనేజర్ మిమ్మల్నే అడుగుతాడు. అందుకే బుకింగ్ ఒప్పుకునే ముందు టైడ్ టేబుల్ చూడండి, బోటు నడిపే అన్నను కూడా అడగండి. పాటు వేళ వచ్చే బ్యాచ్‌ని చెక్క వంతెన మీద నడిపించండి. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన తెల్లమడ శ్వాసవేళ్లు, వాటి మధ్య గెంతే మడ్‌స్కిప్పర్లు, పీతలు అప్పుడే బాగా కనిపిస్తాయి.

బావురుపిల్లిని చూపిస్తానని ఎవరికీ మాటివ్వకండి. అది ఎక్కువగా రాత్రిపూట తిరిగే జంతువు. బురదలో దాని అడుగుజాడ గుర్తుపట్టి చూపించగలిగితే చాలు, కస్టమర్‌కు మీ మీద గురి కుదురుతుంది. తిల్ల చెట్టు కొమ్మ విరవనివ్వకండి, దాని పాలు కంట్లో పడితే ప్రమాదం. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే తీరంలో ఫ్లాష్ కొట్టి ఫొటోలు తీయించే గైడ్‌కు ఆ ఉద్యోగంలో ఉండే అర్హత లేదు. వెలుగు పడితే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనుదిరగొచ్చు.

ఇక జీతం. వీకెండ్ రద్దీ చూసి లెక్కలు వేసుకోకండి, తుపాను హెచ్చరిక వస్తే బోట్లు ఆగిపోతాయి. నెల జీతమా, ట్రిప్పుకింతా? బోట్లు ఆగిన రోజులకు డబ్బులిస్తారా? గది, భోజనం ఎవరిది? ఇవన్నీ కాగితం మీద రాయించుకున్నాకే బ్యాగ్ సర్దుకోండి.