పాత కెర్నెల్‌ను చెరపవద్దు

మన హాస్టల్‌కు పూర్వ విద్యార్థులు ఇచ్చిన కంప్యూటర్ ఒక్కటే. స్కాలర్‌షిప్ దరఖాస్తులన్నీ దాని మీదే పెట్టాలి. అలాంటి దానిలో లినక్స్ కెర్నెల్‌ను మేమే కంపైల్ చేసి ఎక్కించాలని పూనుకున్నాం. అప్పుడు నేర్చుకున్న పాఠాన్ని తమ్ముళ్ల కోసం రాస్తున్నాం.

కెర్నెల్ అంటే యంత్రానికీ, మనం వాడే ప్రోగ్రాములకూ మధ్య నిలిచి పని నడిపించే మూల ప్రోగ్రాము. 1991లో దీన్ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ అప్పటికి 21 ఏళ్ల హెల్సింకి విద్యార్థి. దీని మూలరాత అందరికీ ఉచితం. కాబట్టే మనలాంటివాళ్లం కూడా విప్పి చూడగలం.

పని వరుస ఇది. 'మేక్ మెనూకాన్ఫిగ్'తో కావలసిన డ్రైవర్లు ఎంచుకోవాలి. వెర్షన్ చివర మన సొంత గుర్తు చేర్చాలి. లేకుంటే అదే వెర్షన్ పాత మాడ్యూళ్ల మీద కొత్తవి పడిపోతాయి. తరువాత 'మేక్'. పాత యంత్రంలో దీనికి గంటలు పడుతుంది. మధ్యలో కరెంటు పోయినా దిగులు లేదు. మళ్లీ 'మేక్' అంటే చాలావరకు ఆగినచోటు నుంచే సాగుతుంది. ఆపైన 'మేక్ మాడ్యూల్స్ ఇన్‌స్టాల్', 'మేక్ ఇన్‌స్టాల్'.

మేము ఈ చివరి ఆజ్ఞ ఇవ్వలేదు. కెర్నెల్ ఫైలును చేత్తోనే బూట్ డైరెక్టరీలోకి కాపీ చేసి, గ్రబ్ మెనూలో పేరు చేర్చాం. రీస్టార్ట్ చేయగానే తెరమీద 'కెర్నెల్ ప్యానిక్'! మర్నాడే దరఖాస్తుల గడువు. అందరి ముఖాలూ వాడిపోయాయి.

కారణం తరువాత తెలిసింది. డిస్కును చదివే డ్రైవరును మాడ్యూల్‌గా పెట్టాం. ఆ మాడ్యూల్ ఉన్నది డిస్కులోనే! తాళంచెవిని పెట్టెలో పెట్టి, పెట్టెకు తాళం వేసినట్టయింది. ఈ చిక్కు తీర్చేదే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్. అవసరమైన డ్రైవర్లున్న ఈ చిన్న మూటను గ్రబ్ కెర్నెల్‌తో పాటే మెమరీలోకి ఎక్కిస్తుంది. డెబియన్, ఉబుంటులలో 'మేక్ ఇన్‌స్టాల్' ఇస్తే మామూలుగా ఈ మూట కూడా తయారై, గ్రబ్ మెనూ కూడా సరిపడుతుంది. మేము దాన్ని దాటేశాం.

మమ్మల్ని కాపాడింది పాత కెర్నెలే. గ్రబ్ మెనూలో దాన్ని ఎంచుకోగానే కంప్యూటర్ లేచింది. దరఖాస్తులు ఆ రాత్రే వెళ్లాయి. తరువాత తీరిగ్గా మూట తయారుచేసి, కొత్త దాన్నీ నడిపాం. 'యూనేమ్ -ఆర్' కొడితే మేం పెట్టిన గుర్తు కనబడింది. వేగం పెద్దగా పెరగలేదు గాని, భయం పోయింది.

రాగోలు పరిశోధన కేంద్రం నుంచి శ్రీకాకుళం సన్నాలు వచ్చినా, మన రైతు పాత విత్తనాన్ని వెంటనే పారబోయడు కదా! ప్రయోగాలు చేయండి తమ్ముళ్లూ. కొత్తది నిలిచేదాకా పాతదాన్ని మాత్రం చెరపకండి.