బాలింత రక్తస్రావము: ముందుగా తీసికొనవలసిన జాగ్రత్తలు

సంఘ సభ్యులగు రైతు సోదరులారా,

మేము పైరుల మాట చెప్పువారము. అయినను ఈ నెల మీ యిండ్లలోని తల్లుల మాట చెప్పదలచితిమి. చెరువుగట్టును వర్షములకు ముందే బాగుచేయవలెనని మీరెరుగుదురు. కాన్పు విషయమునను అట్లే యోచింపవలెను.

బిడ్డ పుట్టిన 24 గంటలలో తల్లికి అరలీటరు గాని అంతకు మించి గాని రక్తము పోయినచో వైద్యులు దానిని ప్రమాదముగా నెంచుదురు. మాయ పడిన పిదప గర్భసంచి గట్టిగా ముడుచుకొని రక్తనాళములను అదిమివేయవలెను. అట్లు ముడుచుకొనకుండుటయే ఇందుకు ముఖ్యకారణము. చికిత్స వైద్యుల పని. కాని ఒకే విధమగు రక్తస్రావమున ఒకతె బ్రదుకుటకును, వేరొకతె మరణించుటకును గల కారణములు పెక్కు మన యింటను ఊరను గలవు.

మొదటిది రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు గర్భిణీ స్త్రీలలో నూటికి 52 మంది రక్తహీనులని తేలినది. ఇట్టివారు కొద్దిపాటి రక్తము పోయినను తాళజాలరు. అందరును తినిన పిమ్మట మిగిలినది తినుట, చిన్నతనపు పెండ్లి, ఎడము లేని కాన్పులు ఈ లోపమును పెంచును. మలముచే చెడిన తేమనేలపై వట్టికాళ్లతో నడచువారికి కొంకిపురుగు చర్మము గుండ లోన ప్రవేశించి, ప్రేవులలో జేరి రక్తము పీల్చును.

రెండవది ఆలస్యము. చికిత్స లేనిచో ఈ రక్తస్రావము రెండు గంటలలోనే ప్రాణము తీయవచ్చును. మగవారు పొలమునుండి రావలెననియు, రూకలు దొరకవలెననియు వేచియుండుటలో ఆ రెండు గంటలును గడచిపోవును. వానకాలమున బాట తెగినచో చెప్పనక్కరలేదు.

మూడవది ఎండవేడిమి. గర్భసంచిని బిగియించు ఆక్సిటోసిను మందును 2 మొదలు 8 డిగ్రీల చల్లదనమున నుంచవలెను. పశువుల టీకామందువలెనే ఇదియు వేడికి చెడును.

కావున సభ్యులు చేయవలసినవి:

1. చూలాలికి ఆకుకూరలు, పప్పు, గ్రుడ్లు ముందుగా వడ్డింపుడు. ఇనుము మాత్రలు మానకుండ వేయింపుడు. వానితో తేనీరు త్రాగనీయకుడు. పురుగుల మందును వైద్యుల సలహాపై ఇప్పింపుడు.

2. మరుగుదొడ్డి వాడుడు, చెప్పులు కొనియిండు.

3. నెలలు నిండకముందే ఆసుపత్రిని, బండిని, రూకలను, రక్తమిచ్చువారిని నిశ్చయించుకొనుడు. బాలింతకు బట్టలు వెంటవెంట తడిసినచో ఎవరి అనుమతికిని కాచుకొనక 108కు కబురంపుడు.

4. ఊరిబాటను తొలకరికి ముందే బాగుచేయింపుడు. ఆరోగ్యకేంద్రపు మందులపెట్టెకు విద్యుత్తు నిలుచుచున్నదా యని విచారింపుడు.

విత్తనము నెలల ముందే సమకూర్చుకొనువారికి ఇది కష్టము కాదని మా నమ్మకము.