జుట్టు రాలుట - మనస్సు క్రుంగుట

కాన్పు అయిన నాల్గవ మాసమున ఒక బాలింత తల దువ్వుకొనుచున్నదనుకొందము. దువ్వెన నిండ వెంట్రుకలు వచ్చును. మరునాడును అంతే. ఆమె ఆ వెంట్రుకలను ఉండగా చుట్టి, అత్తగారి కంటబడకుండ చూరులో దోపును. నెల తిరుగకముందే పేరంటములకు పోవుట మానును. అద్దము చూచుకొనుట మానును. బిడ్డ ఏడ్చినను లేచుటకు మనస్సొప్పదు. ఇంటివారు కొందరు “దిష్టి తగిలినది” అందురు. కొందరు “జుట్టు పోయినంతమాత్రమున ఇంత దిగులా?” అని నవ్వుదురు. ఈ రెండు మాటలును ఆమెకు ఉపకరింపవు. ఆమెకు ఏమి జరుగుచున్నదో, ఏమి చేయవలెనో తెలిసికొందము.

వెంట్రుక పెరుగు విధము

మన తలపై సుమారు 1,00,000 వెంట్రుకలుండును. ప్రతి వెంట్రుకయు 2 నుండి 6 సంవత్సరములు పెరిగి, పిదప సుమారు 3 మాసములు పెరుగుదల లేక విశ్రమించి రాలిపోవును. ఆ కుదురు నుండియే క్రొత్త వెంట్రుక మొలచును. ఒక మడి కోతకు వచ్చినపుడు వేరొక మడి పచ్చగనుండునట్లు, వెంట్రుకలన్నియు ఒకేసారి రాలవు. కావున దినమునకు 50 నుండి 100 వెంట్రుకలు రాలుట సహజము.

కాని కాన్పు, టైఫాయిడ్, డెంగ్యూ వంటి తీవ్రజ్వరము, శస్త్రచికిత్స, ఆప్తుల మరణము మొదలగు పెద్ద దెబ్బ తగిలినపుడు అనేక వెంట్రుకలు ఒక్కుమ్మడిగ విశ్రాంతి దశకు పోవును. అవి వెంటనే రాలవు. రెండు మూడు మాసముల తరువాత రాలును. అందుచేతనే అసలు కారణమును మరచి, క్రొత్తగ మార్చిన నూనెనో, సబ్బునో నిందించుట జరుగుచుండును. ఈ విధముగ రాలిన జుట్టు, కారణము తొలగినచో, సాధారణముగ ఏడాది లోపల తిరిగి వచ్చును.

రెండింటికి గల సంబంధము

ఈ సంబంధము మూడు విధములు.

మొదటిది, జుట్టు రాలుట దుఃఖమును తెచ్చుట. మనలో స్త్రీ జడను ఆరోగ్యమునకు, అందమునకు గుర్తుగ ఎంచుదురు. “జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినను అందమే” అను సామెత జుట్టు పలుచబడిన ఆమెకు ముల్లువలె గ్రుచ్చుకొనును. తిరుమలలో తలనీలాలు సమర్పించిన స్త్రీ సంతోషముతో ఇల్లు చేరును. ఆమెను చూచి ఎవ్వరును నవ్వరు. దీనిని బట్టి బాధించునది బోడితల కాదనియు, తన ఇష్టము లేకుండ జుట్టు పోవుట, నలుగురు ఏమందురో అను భయము బాధించుననియు తెలియును.

రెండవది, దుఃఖమే జుట్టును రాల్చుట. మనోవ్యాకులత, అనగా డిప్రెషన్, గల స్త్రీ వేళకు తినదు, నిద్రింపదు. ఆహారము తగ్గినను, తీవ్ర మనస్తాపము కలిగినను జుట్టు రాలవచ్చును. రాలిన జుట్టును చూచి మరల దిగులు పుట్టును. ఇది గానుగెద్దు నడకవలె తిరుగుచునే యుండును.

మూడవది, ఒకే రోగము రెండింటిని కలిగించుట. గొంతువద్ద నుండు థైరాయిడ్ గ్రంథి మందగించినచో జుట్టు రాలును, ఒళ్లు బరువెక్కును, చలికి ఓర్వలేరు, మనస్సు క్రుంగును. రక్తములో ఇనుము తగ్గినచో ఆయాసము, నిస్సత్తువ కలుగును; జుట్టును పలుచబడవచ్చును. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదని తేలినది. అట్టిచో పథ్యము పేరిట బాలింతకు ఆకుకూరలు, పప్పు, గ్రుడ్లు మాన్పించుట ఎంత హానికరమో ఊహించుడు.

చేయవలసినవి

1. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి రక్తపరీక్ష చేయించుకొనవలెను. థైరాయిడ్ పరీక్ష అవసరమా అని వైద్యుని అడుగవలెను.

2. కాన్పు తరువాత ఇచ్చు ఇనుము మాత్రలను 180 దినములు మానక మ్రింగవలెను. నిమ్మరసముతో తీసికొనిన ఇనుము బాగుగ ఒంటబట్టును. టీ, కాఫీలతో తీసికొనరాదు. విరేచనము నల్లగనైనచో భయపడవలదు.

3. తోటకూర, మునగాకు, రాగిజావ, పప్పు, గ్రుడ్లు, చేపలు తినవలెను.

4. జడను బిగించి అల్లరాదు. నూనె జుట్టును మెత్తపరచునే గాని లోపలి రోగమును కుదుర్చదు. అంగడిలోని అద్భుత తైలములకు డబ్బు పోయరాదు.

5. గుండ్రని మచ్చలుగ జుట్టు ఊడినను, పాపిడి నానాటికి వెడల్పగుచున్నను, నెలసరి తప్పుచు ముఖముపై రోమములు పెరిగినను చర్మవైద్యునికి చూపవలెను. ఇవి తమంతట కుదురునని ఊరకుండరాదు.

6. వాడుచున్న మందు వలన జుట్టు రాలుచున్నదని తోచినచో వైద్యునితో చెప్పవలెను, తమంతట మానరాదు.

మనస్సునకును వైద్యము కలదు

దిగులు, ఏ పనియందును ఇష్టము లేకపోవుట, నిద్రలేమి, తాను పనికిరానను తలపు రెండు వారములు విడువకున్నచో అది బలహీనత కాదు, సోమరితనము కాదు, కుదురదగిన జబ్బు. ఆశా కార్యకర్తకు గాని, వైద్యునికి గాని చెప్పవలెను. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 అను సంఖ్యపై రాత్రింబగళ్లు ఉచితముగ ఫోను చేసి తెలుగులో మాటలాడవచ్చును. చావవలెనను మాట నోట వచ్చినచో ఆమెను ఒంటరిగ విడువక, ఆనాడే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

అత్తలారా, తల్లులారా! చూరులో దాచిన వెంట్రుకల ఉండ మీ కంటబడినచో కోపింపకుడు, నవ్వకుడు. ఆ బిడ్డను దగ్గర కూర్చుండబెట్టుకొని, “ఏమమ్మా, వేళకు తినుచున్నావా? నిద్ర పట్టుచున్నదా?” అని అడుగుడు. బిడ్డను మీరెత్తుకొని, మరునాడు ఆమెను ఆసుపత్రికి వెంటబెట్టుకొని పొండు. జుట్టు మొలచుటకు నెలలు పట్టును. ధైర్యము చెప్పుటకు క్షణము చాలును.