క్రోధానికీ క్రియకూ నడుమ

పశ్చిమ గోదావరి జిల్లాలోని పాలకొల్లు పంచారామాలలో ఒకటి. క్షీరారామలింగేశ్వరుడు వెలసిన ఈ క్షేత్రానికి జనార్దనస్వామి క్షేత్రపాలకుడు. కనుక తొమ్మిది అంతస్తుల ఆ రాజగోపురం ముందు నిలిచిన వైష్ణవ యాత్రికునికి కూడ ఇది పరాయి చోటు కాదు. పాలకై అలమటించిన ఉపమన్యువనే బాలుని మొర ఆలకించి పరమేశ్వరుడు ఇచ్చట క్షీరధారను వెలువరించెనని, ఆ పాలకొలనే పాలకొల్లు అయినదని స్థలపురాణం.

ఉపమన్యువు బాల్యకథ మహాభారతం ఆనుశాసనిక పర్వంలోనూ కలదు. అందు దానిని విన్నవాడు సాక్షాత్తు శ్రీకృష్ణుడు, చెప్పినవాడు ఉపమన్యువే. చిన్ననాడు ఒక ఆశ్రమంలో ఆవును పితుకుచుండగా చూచి, ఇంటికి వచ్చి తల్లిని పాలన్నం అడిగినాడు. ఇంట పాలు లేవు. ఆమె పిండిని నీటిలో కలిపి, ఇవే పాలని ఇచ్చినది. అంతకుముందు బంధువుల యజ్ఞంలో నిజమైన పాలు త్రాగియున్న పిల్లవాడు ఇవి పాలు కావని చెప్పివేసినాడు.

అప్పుడా తల్లి చేసిన పని గమనింపదగినది. కసరలేదు, రెండవ అబద్ధం ఆడలేదు. బిడ్డను కౌగిలించుకొని, శిరస్సు మూర్కొని, అడవిలో కందమూలాలతో బ్రతికే మునులకు పాలెక్కడివని ఉన్నమాట చెప్పినది. పిమ్మటనే ఈశ్వరుని శరణు పొందుమన్నది. పొరుగింటి పిల్లవానికి ఉన్నది తనకు లేదని మన పిల్లవాడు కంచం నెట్టివేసిన రాత్రి మనం కలిపి ఇచ్చేది ఎక్కువగా పిండినీళ్లే. లేమిని ఓర్చుకోగల పిల్లలు సైతం వాటిని ఓర్చుకోలేరు. పిల్లలతో క్షీరారామ దర్శనానికి పోవువారు పాలకొలను మహిమతో పాటు ఈ సంగతి కూడ తలచుకొనుట మేలు.

ఇట్టి తల్లి మరియొకతె భాగవతం చతుర్థ స్కంధంలో కనిపిస్తుంది. ఐదేండ్ల ధ్రువుడు తండ్రి తొడ ఎక్కబోగా సవతితల్లి సురుచి పరుషవాక్యాలతో అడ్డగించినది. తండ్రి మిన్నకున్నాడు. దెబ్బతిన్న పామువలె బుసకొట్టుతూ వచ్చిన కొడుకును చూచి సునీతి ఏడ్చినది. అయినను పరులకు కీడు తలపవద్దని, శ్రీహరిని ఆశ్రయించుమని చెప్పినది. దారిలో నారదుడు శాంతి బోధించినాడు. ధ్రువుడు తన మనస్సు దాచలేదు. సురుచి మాటలతో చీలిన హృదయంలో ఆ ఉపదేశం నిలువదన్నాడు. నారదుడు అందుకు కోపింపక, ద్వాదశాక్షరిని ఉపదేశించి యమునాతీరాన మధువనానికి పంపినాడు. శాంతింపుమన్న మాట పని చేయనప్పుడు చేయదగిన పని ఒకటి చేతికిచ్చినాడన్నమాట. యువకులకు బోధించే పెద్దలు పలువురు మొదటి మాట వద్దనే ఆగిపోవుచున్నారు.

కథను ఇక్కడ ముగించి ధ్రువనక్షత్రాన్ని చూపడం పరిపాటి. తరువాతి ఘట్టం చెప్పువారు అరుదు. హరిని కన్నులార చూచి, రాజ్యమేలుచున్న ధ్రువునికి మరల క్రోధం వచ్చినది. ఆ సురుచి కుమారుడే అయిన ఉత్తముడు వేటలో ఒక యక్షుని చేత మరణించగా, అలకాపురిపై దండెత్తి యక్షులను అసంఖ్యాకంగా సంహరించినాడు. ఈసారి క్రోధానికీ క్రియకూ నడుమ తల్లి లేదు, నారదుడు లేడు; రథం మాత్రం సిద్ధంగా ఉన్నది. తాతయైన స్వాయంభువ మనువు ఋషులతో వచ్చి, ఒక్కని అపరాధానికి ఇందరిని చంపుట తగునా అని మందలించిన పిదపనే విల్లు దించినాడు.

క్రోధం వలన సమ్మోహం, సమ్మోహం వలన స్మృతిభ్రంశం, అందువలన బుద్ధినాశం అని గీత రెండవ అధ్యాయం క్రమం చూపినది. నారాయణాస్త్రాన్నే సంధించిన ధ్రువునికి, ఆ నారాయణుడు యక్షులలోనూ ఉన్నాడన్న స్మృతి ఆ వేళ లేకపోయినది. పరమభక్తునికే ఇట్లయినప్పుడు, పదునారేండ్ల పిల్లవాడు కోపంతో గడప దాటబోవు క్షణాన వానికి సుభాషితాలు గుర్తురావలెనని కోరుట న్యాయమా? కోపం లేని సాయంకాలాలలో ఇంటిల్లిపాది కూర్చుండి అలవరచుకొన్న నామమే ఆ క్షణాన నాలుకకు అందుతుంది. అంతవరకు, గడప వద్ద పేరు పెట్టి పిలిచే పెద్దవారొకరు ఇంట ఉండవలె.

ధ్రువుడు శాంతించినాడని తెలిసి కుబేరుడే ఎదురువచ్చి వరం కోరుకొమ్మన్నాడు. నిధులకు అధిపతి అయిన ఆతనిని ధ్రువుడు అడిగినది శ్రీహరి స్మృతి తనలో చలింపకుండుటను మాత్రమే.