ఆ ఉప్మా తిన్న పిల్లలు ఏమయ్యారు?

చెల్లీ, మొన్న ఫోన్లో అన్నావు చూడు, "అంగన్‌వాడీల్లో ఇన్నేళ్లుగా పెడుతూనే ఉన్నారు, ఏం ఒరిగిందక్కా?" అని. అది అడగాల్సిన మాటే. కాకపోతే జవాబు రిజిస్టర్లో దొరకదు. గుడ్లు ఎన్ని వచ్చాయో, పాకెట్లు ఎన్ని పంచారో అందులో ఉంటుంది. ఎవరి కడుపు నిండిందో ఉండదు.

మన హైదరాబాద్ దగ్గరి పల్లెల్లోనే దీన్ని ఓపిగ్గా తేల్చారు, తెలుసా? తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 1987-90 మధ్య 29 ఊళ్లు తీసుకున్నారు. 15 ఊళ్లలో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా కలిపిన ఉప్మా పెట్టారు. అంగన్‌వాడీ పథకం ఇంకా చేరని 14 ఊళ్లను పోల్చి చూడటానికి ఉంచుకున్నారు. ఆ పిల్లలకు పదమూడు, పద్దెనిమిదేళ్ల మధ్య వయసొచ్చాక మళ్లీ వెతికి కొలిచారు. ఉప్మా ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు! అంతేనా అనకు. వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాలు అంతగా బిరుసెక్కలేదు. కడుపుతో ఉన్న తల్లి తిన్నది, పసితనంలో బిడ్డ తిన్నది అన్నేళ్ల తర్వాత కూడా ఒంట్లో కనబడిందన్నమాట. పక్క ఊళ్లను కొలవకపోయుంటే, పొడుగు వాళ్ల వంశంలోనే ఉందిలే అనుకునేవాళ్లం.

అయితే అంగన్‌వాడీ నుంచి ఇంటికిచ్చే సరుకుతోనే నాకు బెంగ. బాలింత కోసమని ఇచ్చిన పాలు ఇంటిల్లిపాదికీ టీ అయిపోతాయి. ఆమెనేమనగలం? పెద్దపిల్ల గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడితే ఏ తల్లి గొంతు దిగుతుంది? అందుకే తెలంగాణలో 2015లో వచ్చిన ఆరోగ్యలక్ష్మి పథకం నాకు నచ్చింది. అన్నం, పప్పు, గుడ్డు, పాలు, అన్నీ కేంద్రంలోనే కూర్చుని తినాలి.

అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనతే. పథకం దండగని నేననను. కూలికి పోయే పిల్ల మధ్యాహ్నం కేంద్రానికి రాగలుగుతోందా? ఐరన్ మాత్ర వికారమని పక్కన పడేస్తోందా? లెక్క తీసేవాళ్లు ముందు ఇవి అడగాలమ్మా.

మీ ఆడపడుచుకి ఐదో నెల కదా, ఈసారి కేంద్రానికి నువ్వూ తోడు వెళ్లు. కార్డు అడిగి తీసుకుని, పోయినసారి హిమోగ్లోబిన్ ఎంతుందో, ఇప్పుడెంతుందో చూడు. పెరగకపోతే ఊరుకోకు, ఎందుకు పెరగలేదో ఏఎన్‌ఎమ్మమ్మని నిలబెట్టి అడుగు.