మీ ఇంటి నీళ్లకు లెక్క ఉందా?



ఘనపరిమాణం లెక్కలు చకచకా చేసే మీ అబ్బాయినో అమ్మాయినో ‘మనింట్లో రోజుకు ఎన్ని నీళ్లు ఖర్చవుతాయి?’ అని అడిగి చూడండి. ‘ఒక ట్యాంకు’ అంటారు. ఎన్ని లీటర్లంటే మాత్రం పెద్దవాళ్లమైన మనమూ తడుముకుంటాం.

మిషన్ భగీరథలో మనిషికి రోజుకు గ్రామాల్లో 100 లీటర్లు, మున్సిపాలిటీల్లో 135, కార్పొరేషన్లలో 150 అని అంచనా వేశారు. గ్రామం లెక్కన కురవిలో నలుగురున్న ఇంటికి 400 లీటర్లు, మహబూబాబాద్ పట్టణంలో 540. ఇవి ఇవ్వాలనుకున్న నీళ్లు. మనం వాడేది వేరే అంకె. పెరట్లో బోరుంటే ఆ నీళ్లు ఈ లెక్కలోకే రావు.

హైదరాబాద్‌లో 2021 జనవరి నుంచి ఇళ్లకు నెలకు 20,000 లీటర్లు ఉచితం. ఉచితమైనా మీటరు అడిగారు, బస్తీలకు తప్ప. ఎందుకంటే 20,000 దాటిందీ లేనిదీ మీటరే చెప్పాలి. ఐదుగురున్న ఇంట్లో అది తలా రోజుకు ఎంతో పిల్లలతో భాగహారం చేయించండి (133 లీటర్లు వస్తుంది).

నగరానికి పంపిన నీళ్లలోంచి బిల్లులకెక్కిన నీళ్లు తీసేయగా మిగిలినదాన్ని ఇంజినీర్లు నాన్ రెవెన్యూ వాటర్ అంటారు. పైపుల లీకేజీ, దొంగ కనెక్షన్లు, సరిగా తిరగని మీటర్లు అందులోవే. వీధి కుళాయిల్లో బిల్లు లేకుండా ఇచ్చేవీ అందులోకే వస్తాయి, కాబట్టి అదంతా వృథా అనుకోకూడదు. ఇళ్లలో మీటర్లు లేకపోతే కారిపోయిందెంతో, తాగిందెంతో విడదీయలేరు.

మనింట్లో మీటరు లేకపోయినా సంపు ఉంటే చాలు. పొడవు 2 మీటర్లు, వెడల్పు 1.5 మీటర్లు అయితే నీటిమట్టం ఒక్క సెంటీమీటరు దిగినా 30 లీటర్లు పోయినట్టే. మోటారు వేసేముందు, ఆపాక కర్రతో కొలవండి. ఆ సమయంలో సంపులోకి నీళ్లు వస్తూ ఉండకూడదు. రోజు మొత్తానికి 18 సెంటీమీటర్లు దిగితే 540 లీటర్లు. రాత్రి మోటారు ఆపి ఉన్నా తెల్లారేసరికి మట్టం తగ్గిందంటే సంపే కారుతోంది. కర్ర దించే పని మీరే చేయండి. పిల్లలు అంకెలు రాస్తే చాలు. మూత వెంటనే వేసేయండి.

కారే కుళాయి కింద పావు లీటరు గ్లాసు పెట్టండి. 15 నిమిషాల్లో నిండితే రోజుకు 24 లీటర్లు. గ్రామంలో ఒక మనిషి వాటాలో దాదాపు నాలుగో వంతు!

ఏడు రోజుల పట్టిక లెక్కల టీచరుకు ఇప్పించండి. భగీరథ నీళ్లు, బోరు నీళ్లు వేర్వేరు గడుల్లో రాయించండి. రెండూ ఒకే సంపులో పడితే ‘కలిపి’ అని రాస్తే చాలు. చుట్టాలొచ్చిన రోజు అంకె పెరుగుతుంది, దాన్ని దిద్దొద్దు. పక్కన కారణం రాయించండి.